సరిసంఖ్యల విచారణ

తిరుపతిలో ఒక విచారణ (ఒక ఫాదర్ గారి కింద ఉండే చర్చి పరిధి) నుంచి పాత ఫాదర్ గారు బదిలీ అయి వెళ్తూ కొత్త ఫాదర్ గారికి తాళాల గుత్తి, జ్ఞానస్నానాల రిజిస్టర్లు, బ్యాంకు పాసుబుక్కు, సగం డీజిలున్న జనరేటరు అప్పగిస్తారు. సంతకాలవుతాయి. ఆ పట్టీలో ఎక్కనివి రెండుంటాయి: మరియ దళం (లీజియన్ ఆఫ్ మేరీ అనే భక్త సంఘం) అమ్మాయిలు, కోయర్ (గుడి పాటల బృందం) అమ్మాయిలు. ఆ సంగతి ఆయనకు మొదటి శనివారం సాయంత్రం పూలకుండీ దగ్గర తెలుస్తుంది. అంతదాకా ఆగనక్కర్లేకుండా ఈ పాలనా సూచనలు.

ముందు ఇరుపక్షాల స్వభావం తెలియాలి. మరియ దళాన్ని 1921లో డబ్లిన్‌లో ఫ్రాంక్ డఫ్ మొదలుపెట్టారు. అందులో పేర్లు చాలావరకు రోమను సైన్యానివే, క్రమశిక్షణా అంతే. వారం వారం మీటింగు. బల్ల మీద తెల్లగుడ్డ, మరియమ్మ స్వరూపం, రెండు పూలకుండీలు, రెండు కొవ్వొత్తులు. మినిట్సు చదవాలి, చేసిన పనికి లెక్క చెప్పాలి. చందాకు గుట్టుసంచి తిప్పుతారు, ఎవరు ఎంత వేశారో ఎవరికీ తెలియకూడదు. మీటింగు ముగిసేదాకా నిజంగానే తెలియదు. సేవకు ఇద్దరిద్దరుగా వెళ్లాలన్నది ఇంకో నియమం. దీనివల్ల ఏ గొడవకైనా ఒక సాక్షి తయారుగా ఉంటుంది.

కోయర్‌కు నియమావళి లేదు, కీబోర్డు ఉంది. ఇందులో సగం మంది కోస్తా నుంచి నర్సింగుకో డిగ్రీకో వచ్చిన హాస్టల్ పిల్లలు. దళంలో ఉన్నవాళ్లు ఊరివాళ్లు, వాళ్ల అవ్వలకు తెలుగు పాటలకంటే తమిళ పాటలే బాగా వచ్చు. అదే పాటను గుంటూరు వాళ్లు ఒక రాగంలో పాడితే ఇక్కడివాళ్లు ఇంకో రాగంలో అందుకుంటారు. రెండో చరణానికి వచ్చేసరికి ఫాదర్ గారు పీఠం దగ్గర కళ్లు మూసుకుంటారు. భక్తి అనుకుంటారు జనం.

1983 నాటి శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం 307వ అధికరణం ఒకే మనిషి ఎన్ని సంఘాల్లోనైనా చేరవచ్చంటుంది. రోమ్‌లో చేరవచ్చు. ఇక్కడ రెండింటిలోనూ పేరున్న అమ్మాయిని ఇరుపక్షాలూ వేగు కిందే జమకడతాయి. అలాంటి అమ్మాయి దొరికితే వదులుకోకండి, మీకు నిజం తెలిసే దారి అదొక్కటే.

ఇక మూలసూత్రం: గుడికి ఏది కొన్నా సరిసంఖ్యలో కొనండి. మైకులు రెండు, అదీ ఒకే కంపెనీ, ఒకే రోజు బిల్లు. ఒకటి కొత్తది, ఒకటి పాతదీ అయితే గుయ్యిమనేది ఎప్పుడూ ఒక పక్షానికే వస్తుంది, మళ్లీ పూజలోనూ దానికే వస్తుంది. కుండీలు రెండు, చీపుర్లు రెండు, బీరువాలు రెండు, తాళాలు మాత్రం నాలుగు. ఈస్టరు జాగరణలో పాస్కా వత్తి (పెద్ద కొవ్వొత్తి) ఒక్కటే ఉంటుంది, నిజమే. దాన్ని మోయాల్సింది డీకను (గురువు కింది హోదా ఆయన), ఆయన లేకపోతే తగిన మరో పరిచారకుడు అని పూజాక్రమంలోనే రాసిపెట్టారు. రాసినవాళ్లు ఏదో ఒక విచారణలో పనిచేసినవాళ్లే అయ్యుండాలి.

అక్టోబరులో జపమాల దగ్గర లెక్క తప్పుతుంది. రోజుకు అయిదు రహస్యాలు, అంటే యేసు, మరియమ్మల జీవిత ఘట్టాలు. చెరి రెండు చెప్పించి, అయిదోది సిస్టర్ గారికివ్వండి. ఒకప్పుడు సంతోష, దుఃఖ, మహిమ అని మూడు వరుసలే ఉండేవి. 2002లో రెండో జాన్ పాల్ పోపు గారు వెలుగు రహస్యాలు చేర్చి నాలుగు చేశారు. ఇది రెండు సంఘాల విచారణల మీద దయతో చేసిన పనే అనుకోవచ్చు గానీ, మిగతావి వారానికి రెండేసి రోజులొస్తే వెలుగు రహస్యాలు గురువారం ఒక్కరోజే. కాబట్టి గురువారాల పట్టిక విడిగా రాసి, సంతకాలు తీసుకుని, గోడకు అంటించండి. గోడ కూడా మధ్యగోడ అయ్యుండాలి.

అసలు రణరంగం సెప్టెంబరు 8, ఆరోగ్యమాత పండుగ. ఆగస్టు 29న జెండా ఎక్కిన రోజు నుంచే మొదలవుతుంది. చీర రంగు మొదటి మెట్టు. మరియమ్మ రంగు నీలం, ఇద్దరికీ నీలమే కావాలి. నగరి మగ్గాల్లో ఒకే నీలం ఒకేసారి కావలసినన్ని దొరకవు, ఆఖరి ఆరు చీరలు ఒక పిసరు తేడాతో వస్తాయి, ఆ ఆరూ ఎవరు కట్టాలన్నది రెండో తగాదా. ఒకరికి ముదురు, ఒకరికి లేత అని జూలైలోనే చీటీ వేసి తేల్చండి. చీటీ తీసేది మూడేళ్లలోపు బిడ్డ అయితే మేలు, ఆ వయసులో ఇంకా ఏ సంఘంలోనూ ఉండరు.

పూలకు వినాయక చవితి కలిసొస్తే చామంతి ధర ఆకాశంలో ఉంటుంది. ఓ మోస్తరు తేరుకు పది పన్నెండు కిలోల విడిపూలు, నలభై మూరల కట్టినవి పడతాయి. కుడివైపు ఒకరు, ఎడమవైపు ఒకరు అని పంచారా, చెడ్డారు. ఎటువైపు బాగుందని ఊరంతా ఓటేస్తుంది. కింద పీఠం ఒకరికి, పైన గొడుగు ఇంకొకరికి ఇవ్వండి, అప్పుడు పోల్చడం కష్టం. వాడిన పూలు ఎవరు పెట్టినవి వాళ్లే తీయాలని సోమవారానికి రూలు పెట్టుకోవచ్చు. సోమవారం తీసేది సిస్టర్ గారే.

ఊరేగింపులో తేరుకు దగ్గర ఎవరు నడవాలి? సగం దారిలో మార్చుకోండని ప్రతి ఫాదర్ గారూ కనిపెడతారు. ఫోటోగ్రాఫరు గుడి గేటు దగ్గరే నిలబడతాడు, అక్కడే చెడుతుంది. ఆయన్ను కూడా సగం దారిలో నిలబెట్టాలి.

ఊపిరి పీల్చుకునే రోజులు ఈస్టరుకు ముందొచ్చే తపస్సుకాలానివి. పీఠం మీద పూలుండవు, మహిమగీతం లేదు, అల్లెలూయ లేదు, వాయిద్యం పాటకు ఊతంగా మాత్రమే. పంచుకోవడానికి ఏమీ లేనప్పుడు ఎంత సఖ్యతో! నాలుగో ఆదివారం గులాబీ వస్త్రంతో పాటు పూలకూ కీబోర్డుకూ అనుమతి ఉంది. ఆ వారం ఊళ్లో లేకుండా చూసుకోండి.

పై అప్పీలు కడపకు. ప్రభుత్వం 2022లో చిత్తూరు జిల్లాను చీల్చి తిరుపతికి కలెక్టరునిచ్చింది గానీ, మేత్రాణులు (బిషప్ గారు) 1976 నుంచీ కడపలోనే, సుమారు 140 కిలోమీటర్ల దూరంలో. ఆ దూరం మీకు దేవుడిచ్చిన రక్షణ, దాన్ని వాట్సాప్ కాజేసింది. పాస్టరల్ కౌన్సిలు ఉంది కదా అంటారా? శ్రీసభ చట్టం 536వ అధికరణం ప్రకారం దానిది సలహా ఓటే. సభ్యుల్లో సగం మందికి మరియ దళంలో కూతుళ్లు, మిగతా సగానికి కోయర్‌లో కోడళ్లు.

చివరగా, రెండింటినీ కలిపేద్దామన్న ఆలోచన. ప్రతి కొత్త ఫాదర్ గారికీ రెండో ఏడాదిలో వస్తుంది. కలిపిన సంఘానికి కొత్త పేరు, కొత్త బ్యానరు, ప్రారంభ పూజ, పాయసం. మూడు నెలలు తిరిగేసరికి పాత రెండూ లేచి కూర్చుంటాయి, కొత్తదీ చావదు. అప్పుడు సంఘాలు మూడు, మైకులు రెండు. మూడో మైకు కొనాలా, లెక్క సరిపోవడానికి నాలుగో సంఘం పెట్టాలా అన్నది ఫైనాన్స్ కౌన్సిలు అజెండాలో ఒకటో అంశం.