కేజీ బేసిన్‌లో అసలు గ్యాసు ఎక్కడుందో నేను చెప్తా

ప్రభుత్వం వారికి ఒక మనవండి. మా గోదావరి జిల్లాల్లో గ్యాసు కోసం సముద్రంలో రిగ్గులు దింపి, కొబ్బరితోటల్లో బావులు తవ్వి ఇన్నేళ్ళ నుంచి నానా అవస్థలు పడుతున్నారు, అంత అక్కర్లేదు. కోటిపల్లి నుంచి నరసాపురం దాకా ఏ ఊరైనా దిగండి, రావిచెట్టు కింద గుండెల మీద చెయ్యేసుకుని కూర్చున్న పెద్దమనిషిని ఒకణ్ణి చూసుకుని "ఏవండీ, అలా ఉన్నారేంటి" అని అడగండి. "అబ్బే ఏం లేదండి, కాస్త గ్యాసు" అంటాడు. ఆయ్, అదే నిక్షేపం. అక్కడే పైపు బిగించేయండి. 1995లో పాశర్లపూడిలో గ్యాసు బావి పేలి (బ్లోఅవుట్) 65 రోజులు మండిందని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటాం గానీ, మా వైపు మగాళ్ళు చెప్పే లెక్క ప్రకారం ఒక్కొక్కడి కడుపులో ఇరవయ్యేళ్ళ నుంచి ఆరకుండా మండుతానే ఉంది.

ఈ శాస్త్రం తెలియని బయటోళ్ళ కోసం కొంచెం వివరంగా చెప్తాను. రాత్రి పీకల్దాకా తిన్నాడు, తెల్లారి గుండెల్లో పట్టేసింది, అంటే తిండి ఎక్కువైన గ్యాసు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు, మధ్యాహ్నానికి పట్టేసింది, అంటే ఖాళీ కడుపు గ్యాసు. పనసపొట్టు కూర తింటే గ్యాసు, తినకుండా వాసన చూసినా గ్యాసు. నొప్పి ఎడం చేతిలోకి పాకిందా, గ్యాసు చేతిలోకి దిగింది. దవడ లాగేస్తోందా, గ్యాసు పైకి తన్నింది. వీపులో పొడుస్తోందా, అక్కడెక్కడో ఇరుక్కుంది. పొట్టలోంచి ఎడం చేతి చిటికెన వేలి దాకా ఈ పైప్‌లైన్ ఎవడేశాడో, పర్మిషన్ ఎవడిచ్చాడో మాత్రం ఎవరూ అడగరు. సైన్సులో ఏ సిద్ధాంతానికీ ఇంత బలం లేదండి, తిన్నా రుజువే, తినకపోయినా రుజువే.

మొన్న మాఘంలో రాజోలు దగ్గర మా చుట్టాల పెళ్ళికి వెళ్ళాను. భోజనాలు మూడో బంతి నడుస్తోంది. పెళ్ళికూతురి పెదనాన్నగారు, 58 ఏళ్ళు, రొయ్యల చెరువులు, రోజుకి రెండు పెట్టెల సిగరెట్లు, బీపీ బిళ్ళలేమో "వేసుకుంటే అలవాటైపోతాయిరా" అని ఏడాది కిందటే మానేసిన మేధావి. పూతరేకు నోటి దాకా తీసుకెళ్ళి అక్కడే ఆగిపోయాడు. మొహంలో నెత్తురు లేదు, పట్టు చొక్కా తడిసి వంటికి అతుక్కుపోయింది, "గుండెల మీద రుబ్బురోలు పెట్టినట్టుందిరా" అన్నాడు. అంతే, షామియానా కింద అర నిమిషంలో మెడికల్ బోర్డు కూర్చుంది. చైర్మన్‌గా రిటైర్డ్ హెడ్మాస్టారు.

"రాత్రి ఏం తిన్నాడు?" అన్నారు చైర్మన్‌గారు. "గుత్తొంకాయండి." "ఇంకేం, కన్ఫామ్." వెంటనే ఒకణ్ణి గోళీసోడాకి తోలారు. వాడు బండి తాళం వెతుక్కునేలోపు సోడాలో నిమ్మకాయ పిండాలా వద్దా అని బోర్డులో చీలిక వచ్చింది, పిండాలన్న వర్గంలో మళ్ళీ మామూలు ఉప్పా నల్ల ఉప్పా అని ఇంకో చీలిక. ఈలోగా వంటమాస్టారు మజ్జిగలో ఇంగువ కలిపి గ్లాసు పట్టుకొచ్చాడు, పక్కింటాయన జేబులోంచి వాము తీశాడు (ఆయన జేబులో వాము ఎప్పుడూ ఉంటుంది, తుపాకీ లైసెన్సు ఉన్నోడిలా తిరుగుతాడు). మీసాలాయన ఒకాయన మనిషిని బోర్లా పడుకోబెట్టి వీపు మీద దబదబా బాదుతున్నాడు. ఆడవాళ్ళు ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేస్తే మిరపకాయలు ఘాటు రాలేదని, దిష్టి గట్టిదేనని తేల్చారు. అక్కడ నర్సింగ్ చదివే పిల్ల ఒకత్తి ఉంది, "పెదనాన్నా, ముందు ఈసీజీ తీయిద్దాం" అంది. "నోర్ముయ్యవే, శుభమా అని పెళ్ళి జరుగుతుంటే గుండె మాటలేంటి" అన్నారు ఏకగ్రీవంగా, ఆ బోర్డు మొత్తానికి ఒక్క మాట మీద నిలబడింది అప్పుడే.

సోడా వచ్చింది. తాగాడు. త్రేన్చాడు. ఒక్కసారిగా జనం "హమ్మయ్య, వచ్చేసింది!" అని చప్పట్లు, లోపల సన్నాయి వాళ్ళు సరిగ్గా అప్పుడే గట్టిగా అందుకున్నారు, ఆ త్రేన్పుకే తాళి కడుతున్నారేమో అనిపించింది నాకైతే. చైర్మన్‌గారు "చెప్పానా" అన్నట్టు నలుగురి వంకా చూసి కండువా సర్దుకున్నారు. ఇంకో ఐదు నిమిషాలకి పెదనాన్నగారు భళ్ళున వాంతి చేసుకుని కుర్చీలోంచి జారిపోయాడు. 108కి ఫోన్ చేసింది ఆ నర్సింగ్ పిల్లే, ఎవర్నీ అడక్కుండా. అప్పటికి నొప్పి మొదలై గంటా పది నిమిషాలు.

బతికాడు లెండి. రాజమండ్రి తీసుకెళ్ళారు, ఒక రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిందన్నారు, నాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం, స్టెంటు, వేశారు. ఇప్పుడు వాళ్ళింటి అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి ఏం చెప్తున్నాడో తెలుసా? "అసలు నాకు వచ్చింది గ్యాసేనంట్రా, ఆస్పత్రోళ్ళు డబ్బుల కోసం గుండె అన్నారు." నెత్తురు పలచబరిచే బిళ్ళలు కూడా మూడో నెలలో ఆపేయబోయాడు, ఎవరో వెల్లుల్లీ అల్లం నిమ్మరసం తేనె కలిపి కాచి తాగితే బ్లాకులు కరిగిపోతాయని ఫోన్‌లో పంపారంట. కొత్త స్టెంటు ఉన్నోడు డాక్టరుకి చెప్పకుండా ఆ బిళ్ళలు ఆపితే స్టెంటులోనే గడ్డ కట్టి మళ్ళీ మూసుకుపోవచ్చు, ఈసారి త్రేన్చే టైము కూడా ఉండదు అని ఆ పిల్లే వెళ్ళి నాలుగు తిట్టి మళ్ళీ మొదలెట్టించింది.

ఈ గ్యాసు మాటలో ఆవగింజంత నిజం ఉంది, కొంప ముంచుతోంది కూడా అదే. గుండెకీ అన్నవాహికకీ నొప్పి కబురు మోసే నరాలు వెన్నుపాములో దగ్గర దగ్గరగానే చేరతాయి, కబురు ఎక్కణ్ణించి వచ్చిందో మెదడుకి తేలదు. పైగా గుండె కింది గోడ, రొమ్ముకీ పొట్టకీ మధ్య ఉండే ఉదరవితానం మీదే ఆని ఉంటుంది, అక్కడ పోటొస్తే పొట్ట పైన మంట, వికారం, వాంతి, త్రేన్పులు, అచ్చం అజీర్తిలాగే. అందుకని త్రేన్పు వస్తే గుండెపోటు కాదన్నమాట ఎక్కడా లేదండి. గుండెకి నెత్తురు తీసుకెళ్ళే నాళంలో ఏళ్ళ తరబడి కొవ్వు పేరుకుంటుంది, సిగరెట్టు, బీపీ, సుగరు, చెడ్డ కొలెస్ట్రాలు అన్నీ కలిసి పేరుస్తాయి, ఒకరోజు ఆ కొవ్వు పెచ్చు పగులుతుంది, దాని మీద నెత్తురు గడ్డ కట్టి నాళం మూసుకుపోతుంది. పంట కాలవకి తూటుకాడ అడ్డం పడితే కింది చేను ఎండిపోతుందా లేదా, ఇదీ అంతే. కాకపోతే చేను నాలుగు రోజులు ఆగుతుంది, గుండె కండ 20 నిమిషాలు దాటేసరికి చావడం మొదలెడుతుంది. చచ్చిన కండ మళ్ళీ మొలవదు. సోడా వెళ్ళేది పొట్టలోకి, అడ్డం పడింది గుండె నాళంలో, ఆ రెండింటికీ మధ్య కాలవ లేదు.

ఆ కండ ఎందుకు చస్తుందో తెలియడంలో మనోడి చెయ్యి కూడా ఉందండోయ్, గర్వపడండి. కండ నడిచేది ఏటీపీ అనే పదార్థంతో, నెత్తురు ఆగితే అది తయారవడం ఆగిపోతుంది. 1929లో అమెరికాలో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఆ ఏటీపీని బయటపెట్టింది యల్లాప్రగడ సుబ్బారావుగారు, 1895లో పుట్టింది మన భీమవరంలో. ఆయన 1948లో న్యూయార్క్‌లో 53 ఏళ్ళకే గుండెపోటుతో పోయారు. అప్పటికి ఈ స్టెంట్లు లేవు, గుండె నాళంలోకి బెలూను పంపి తెరవడం గ్రుంట్‌జిగ్ అనే డాక్టరు జూరిక్‌లో మొదటిసారి చేసింది 1977లో. సుబ్బారావుగారు ఈ వైద్యాలేవీ లేక పోయారండి. మనం అన్నీ ఉండి సోడా తాగి పోతున్నాం. మా ఉభయ గోదావరి జిల్లాల్లోనే 45 ఊళ్ళలో 2003-04లో ఎవరు దేనితో పోయారని ఇల్లిల్లూ తిరిగి లెక్క తీస్తే, నూటికి 32 మంది గుండె జబ్బులు, పక్షవాతం లాంటి రక్తప్రసరణ జబ్బులతోనే పోయారు, అంటురోగాలన్నీ కలిపినా 12. గ్యాసుతో పోయినవాళ్ళు ఆ లెక్కలో కనపడలేదు మరి, పాపం ఎక్కడ జారిపోయారో.

ఇక్కడిదాకా నవ్వుతూనే రాశాను. మా పిన్ని గురించి రాయాలంటే చెయ్యి ఆడట్లేదు.

పిన్నికి 52. పదేళ్ళుగా సుగరు. కనుమ రోజు, కొత్తల్లుడు వచ్చాడు, తెల్లారుజామున లేచి గారెలకి పప్పు రుబ్బుతోంది. దవడ లాగుతోందంది. పన్నుపోటేమోనని లవంగం ఒకటి బుగ్గన పెట్టుకుంది. సంక్రాంతి చలిలో, వాకిట్లో మంచు ఇంకా కరగలేదు, ఈవిడకి జాకెట్టు తడిసేలా చెమటలు. "పొయ్యి దగ్గర ఉన్నాను కదే" అంది. ఆయాసం వస్తోందంటే ఇంట్లో అందరం, ఆ అందరిలో నేనూ ఉన్నాను, "పొద్దున్నుంచి ఏం తినలేదు, గ్యాసు పట్టేసింది, ఒక గారె తిను" అన్నాం. తను కూడా అదే అంది. అనదా మరి? గుండె అంటే కారు తియ్యాలి, బాబాయి పందేల దగ్గర్నుంచి రావాలి, అల్లుడి ముందు గొడవ, కోడి పొయ్యి మీద సగం ఉడికింది. గ్యాసు అంటే ఎవరికీ ఇబ్బంది లేదు. పదకొండింటికి ఊళ్ళో ఆరెంపీ వచ్చి గ్యాసు ఇంజెక్షన్ చేసి సెలైన్ ఎక్కించి మూడొందలు తీసుకుని వెళ్ళాడు. చేతి నాడి పట్టుకుని వాచీ కూడా చూడలేదు వాడు. సుగరు ఉన్నోళ్ళకి నరాలు మొద్దుబారి గుండెల్లో నొప్పి సరిగ్గా తెలియకపోవచ్చని, ఆడవాళ్ళకి ఇలా దవడలోనో ఆయాసంగానో నీరసంగానో రావచ్చని, ఆ ఇంట్లో ముగ్గురం డిగ్రీలు చదివినోళ్ళం, ఒక్కడికీ తెలీదు. రొయ్యకి ఏ తెగులొస్తే ఏ మందో కంఠతా వచ్చు. చెరువులో రొయ్య ఒకటి తేలితే అర్ధరాత్రి భీమవరం పరిగెత్తి ల్యాబులో ఇస్తాం! ఇంట్లో ఆడమనిషి పొద్దున్నుంచి తడిసి ముద్దవుతుంటే రెండొందల ఈసీజీ గుర్తుకు రాలేదు ఎవడికీ. అల్లుడికి రెండో కోడికాలు వడ్డించమని మాత్రం గుర్తొచ్చింది. తనే వడ్డించింది కూడా. మూడింటికి పెరట్లో పడిపోయింది. పందేల కార్లు రోడ్డుకి రెండు పక్కలా, టౌను చేరేసరికి నాలుగున్నర, గేటు దగ్గరే అయిపోయిందన్నారు. డ్యూటీలో ఉన్న అమ్మాయి నోరు తెరిచి చూస్తే బుగ్గన లవంగం అలాగే ఉంది.

ఊళ్ళో ఇప్పటికీ "పాపం, గ్యాసు గుండెకి ఎక్కేసిందంట" అనే అంటారు. చచ్చాక కూడా ఆ గ్యాసు వదల్లేదు మా పిన్నిని.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక మా రెండో బాబాయి అరుగు మీద కూర్చుని రొమ్ము రాసుకుంటున్నాడు. "ఒరే అబ్బాయ్, ఎవర్నైనా పంపి సోడా తెప్పించరా, కాస్త గ్యాసుగా ఉంది." నాకింక ఏమైందో తెలీదు, నలుగురి ముందూ రెక్క పట్టుకుని లేపి కార్లో పడేశాను. దారంతా తిట్టాడు. ఈసీజీ తీశారు, బాగానే ఉందన్నారు. మొదటిది బాగున్నా నమ్మడానికి లేదని కాసేపాగి ఇంకోటి తీశారు, నెత్తురు తీసి, గుండె కండ దెబ్బతింటే అందులో పెరిగే ట్రోపోనిన్ చూశారు, ఆరు గంటలు ఉంచి మళ్ళీ చూశారు. రాత్రి పదింటికి డాక్టరుగారు నవ్వుతూ వచ్చి చెప్పారు, గ్యాసేనంట. నిజం గ్యాసు. ఇన్నేళ్ళలో మా ఊళ్ళో రుజువైన మొదటి గ్యాసు కేసు అదే అయ్యుంటుంది.

బిల్లు నేనే కట్టాను. బాబాయి మాత్రం ఊరందరి ముందూ పరువు తీశానని ఆ రోజు నుంచి నాతో మాట్లాడ్డం మానేశాడు. మొన్న కూడా పంచాయతీ అరుగు మీద కూర్చుని, నా బండి చూడగానే మొహం అటు తిప్పుకున్నాడు, చేతిలో గోళీసోడా. తిప్పుకోనీండి.