తెలుగమ్మాయి కొరతపై ఒక మనవి

విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే బళ్లు ఆపేస్తారు. ఆ వేళకి అక్కడ నడిచేవి దేశ సమస్యలే. కురుసుర జలాంతర్గామి ఎదుట రాగిజావ తాగే మా రిటైర్డ్ బృందం ఈ నెలంతా ఒక్క సమస్యనే పట్టుకుంది: తెలుగు సినిమాకి తెలుగు హీరోయిన్ దొరకడం లేదు. కందిపప్పు ధర పెరిగినప్పుడు కూడా మేం ఇంత కుమిలిపోలేదు.

స్టీల్ ప్లాంటులో చేసి దిగిన పెద్దాయన ఒకరికి అందరికన్నా బాధ ఎక్కువ. "ఏటండీ ఆ పలుకు? మన గుంటలు లేరేటి?" అంటారు. (గుంట అంటే మా వైపు ఆడపిల్ల. ఈయన మాట్లాడే యాసను సినిమా వాళ్లు ఎక్కువగా కమెడియన్లకే ఇస్తారు, అది వేరే బాధ.) నిజమే కదా అని ఆయన మనవరాలి సంగతి ఎత్తాను. కాలేజీ నాటకంలో ఆ పిల్ల ఏడిస్తే హాలంతా ఏడ్చింది. పెద్దాయన గ్లాసు గాల్లోనే ఆగింది. "మా ఇంటా వంటా లేవండీ అలాంటివి!"

అప్పుడు నాకు కొరతకు కారణం దొరికింది. ప్రతి వీధిలోనూ తెలుగమ్మాయి ఉంది. హీరోయిన్ కావాల్సింది మాత్రం పక్క వీధి అమ్మాయి.

అలాగని పరిశ్రమకి మా ఊరంటే ఇష్టం లేదనకూడదు. కొండా సముద్రం ఒకే ఫ్రేములో దొరుకుతాయి, భీమిలి రోడ్డులో స్టూడియో కూడా ఉంది. మా సముద్రానికి వేషాలు బాగానే వస్తున్నాయి. మనుషుల సంగతే కాస్త చుట్టుదారి. తెనాలిలో పుట్టి మా ఊళ్లో పెరిగిన శోభిత ధూళిపాళనే చూడండి. 2013లో ఫెమినా మిస్ ఇండియా ఎర్త్, 2016లో హిందీ సినిమా, తెలుగు తెర మీదకి 2018లో. ఇక్కడ రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి హైదరాబాద్‌లో దిగొచ్చు. వయా ముంబై కాబట్టి ఆవిడకి ఐదేళ్లు పట్టింది.

దక్కిన వేషం ఎన్నాళ్లు నిలుస్తుందో మా బృందంలోని లెక్కల మాస్టారు తేల్చబోయారు. 1972లో ‘బడి పంతులు’లో శ్రీదేవి ఎన్టీఆర్‌కి మనవరాలు. 1979లో ‘వేటగాడు’లో ఆయనకే హీరోయిన్. "అమ్మాయికి ఏడేళ్లు గడిచాయి సరే, అబ్బాయికి గడిచినవి ఎక్కడ వెయ్యాలి?" అన్నారు మాస్టారు. ‘బాహుబలి’లో ప్రభాస్‌కి తల్లిగా వేసిన రమ్యకృష్ణ ఆయన కన్నా తొమ్మిదేళ్లే పెద్ద అని ఎవరో చెప్పగానే ఆయన చూపుడు వేలితో ఇసుక మీద వేస్తున్న లెక్క చెరిపేసి ఇంటికెళ్లిపోయారు.

టీవీలో ఈ టెన్షన్ లేదు. అక్కడ కాలమే కదలదు. పెద్దాయన భార్య చూసే సీరియల్లో కోడలు పట్టుచీర, వడ్డాణంతో పడుకుంటుంది, లేచేసరికి జడలో ఒక్క పువ్వూ నలగదు. ఆ అమ్మాయిది బెంగళూరు. "ఎంత పద్ధతైన పిల్లో, అచ్చం మన తెలుగింటి ఆడపిల్లే" అంటారావిడ రోజూ. అసలు తెలుగింటి ఆడపిల్ల పక్క గదిలో నైటీతో చదువుకుంటోంది. ఆమెకి పద్ధతి తెలియదని ఆవిడ దిగులు.

వేషం ఒకరిది, పలుకు ఒకరిది అయితే గొడవే ఉండదని కొందరి వాదన. 1978లో ‘మరో చరిత్ర’ మా ఊళ్లోనూ భీమిలిలోనూ తీశారు. అందులో తెలుగమ్మాయిగా సరిత అనే తెలుగమ్మాయినే పెట్టడం నేటి లెక్కల్లో దుబారా. ఆ తర్వాత ఆవిడ ఎందరో హీరోయిన్లకి గొంతు అరువిచ్చింది. తెలుగమ్మాయి దొరకదన్న చోట ఆమె గొంతు మాత్రం ఎప్పుడూ దొరికేది.

ఈ సంగతి పెద్దాయనకి నిన్న చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. జావ అయిపోయాక నన్ను పక్కకి పిలిచి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగారు.

"డబ్బింగ్ అంటే మొహం కనబడదు కదండీ? అయితే మా గుంటని ఓ మాటు పంపుదునేటి? ఇంటిపేరు మాత్రం వెయ్యొద్దనండి."