కిటికీ సీటు వద్దనేవాడి కష్టాలు

ప్రయాణంలో కిటికీ పక్క సీటు శుద్ధ దండగ. ఇది నా అభిప్రాయం, పదకొండేళ్లుగా పెంచి పోషిస్తున్నాను. మొదట్లో ఇంత సీరియస్ కాదు, ఒకసారి ఎండ మొహాన కొడుతుంటే చిరాకులో అన్న మాట, కానీ అది విని చుట్టూ ఉన్న నలుగురూ ఒక్కసారిగా నావైపు తిరిగి "నీకేమైనా పిచ్చా?" అన్నారు చూడండి, నా ఛాతీ రెండంగుళాలు పొంగింది. అప్పటిదాకా నేనెవరో నాకే సరిగ్గా తెలీదు. ఆ రోజునుంచి నేను కిటికీ సీటు వద్దనేవాణ్ని.

కారణాలు తర్వాత వెతుక్కున్నాను. దుమ్ము, మెడనొప్పి, లేవాలంటే పక్కవాళ్ల మోకాళ్లు దాటాల్సిరావడం. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, ఎవరైనా నాలుగోది చూపిస్తే అది తోక అంటాను.

సాలమన్ యాష్ అనే సైకాలజిస్టు 1951లో ప్రకటించిన ప్రయోగం ఒకటుంది. చూపించిన గీతంత పొడవు మిగతా మూడు గీతల్లో దేనికుందో చెప్పాలి, అంతే. గదిలో మిగతావాళ్లంతా ముందే కూడబలుక్కుని తప్పు చెబుతుంటే, నిజం కళ్లెదుటే ఉన్నా చాలామంది ఒక్కసారైనా నలుగురితో పాటు నారాయణ అనేశారు. సుమారు నాలుగో వంతు మంది మాత్రం ఒక్కసారీ లొంగలేదు. నేను ఎటువైపో వేరే చెప్పాలా? అసలు నాకు గీతలు చూపించక్కర్లేదు, మిగతావాళ్లు ఏమన్నారో చెబితే చాలు.

ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ అనే జర్మన్ శాస్త్రవేత్త, ఖండాలు కదులుతున్నాయని 1912లో అన్నాడు. 1930లో గ్రీన్‌లాండ్ మంచులో చనిపోయేదాకా పెద్దగా ఎవరూ నమ్మలేదు, అందరూ ఒప్పుకునేసరికి 1960లు వచ్చాయి. ఆయన దగ్గర శిలాజాలున్నాయి, నా దగ్గర మెడనొప్పి ఉంది, ఆ తేడా సరే. కానీ అదృష్టవంతుడు, అందరూ తలూపే రోజు చూడకుండానే వెళ్లిపోయాడు.

నాకా యోగం లేదు. మొన్న ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు "నాకూ కిటికీ సీటు పడదు సార్" అన్నాడు. గుండె గుభేలుమంది.

"మొహమాటానికి అంటున్నావా?"

"లేదు సార్, చిన్నప్పట్నుంచీ అంతే."

చిన్నప్పట్నుంచీ! అంటే ఈ విషయంలో నాకంటే సీనియర్. రాత్రి నిద్ర పట్టలేదు, 'అసలు ప్రయాణాలే దండగ' అని మార్చేద్దామా అనుకున్నాను కూడా.

నిన్న పని మీద ఇద్దరం బస్సెక్కాం. ఖాళీగా ఉన్నవి పక్కపక్కన రెండే సీట్లు. వాడు ఎక్కీ ఎక్కగానే ఇవతలి సీట్లో కూలబడి, "మీరు లోపలికెళ్లండి సార్" అంటూ మోకాళ్లు పక్కకి తిప్పాడు. గతిలేక కిటికీ దగ్గర కూర్చున్నాను. బస్సు ఊరు దాటింది. చల్లగా గాలి కొట్టింది. బాగుంది, చాలా బాగుంది. వాడు చూస్తున్నాడేమోనని దిగేదాకా మొహం చిట్లించుకునే కూర్చున్నాను.