రోడ్డు పక్క ప్లాంటేషన్ బోర్డు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ప్లాంటేషన్ బోర్డు గారి దివ్య సముఖమునకు, తిరుపతి నుంచి చిత్తూరు పోయే బస్సులో కిటికీ పక్క సీటు వాడు రాసుకున్న విన్నపం.

అయ్యా, ముందు అభినందనలు అందుకోండి. పోయిన కరువులో తోపు మొత్తానికి పచ్చగా మిగిలింది తమరొక్కరే. అంతా పెయింటు మహిమ. వెనకాల నీలగిరి చెట్లు కొసల నుంచి ఎండుతూ వచ్చి పుల్లలై నిలబడినా, తమ ఒంటిమీద ‘విస్తీర్ణం’, ‘మొక్కల ఎడం 3 మీ. × 2 మీ.’ అన్న అక్షరాలు చెక్కుచెదరలేదు. ‘జాతి’ అన్న గడిలో మాత్రం ఒక్కటే పేరు. ఇంకో పేరు పట్టే జాగా కూడా లేదక్కడ. నా గొడవంతా ఆ గడితోనే సామీ.

ఒకే జాతి అయితే లెక్క సులువని తెలుసు. ఒకే నర్సరీ, ఒకే సైజు గుంత, నరికేదీ ఒకేసారి. పైగా క్లోన్లాయె, అంటే ఒకే తల్లి చెట్టు కొమ్మల్లోంచి తీసిన మొక్కలు. వేర్లు దిగే లోతూ ఒకటే, దాహం వేసే రోజూ ఒకటే. పెళ్లిలో ఊరంతా ఒకే బంతికి కూర్చుని అందరూ ఒక్కసారే రసం అడిగితే, బక్కెట పట్టుకున్నవాడు ఎక్కడికని పరిగెత్తుతాడు?

కర్ణాటకలో హోసకోటె దగ్గర 1990ల్లో కొలిచి చూశారు. అక్కడి నీలగిరి తోట కురిసిన వానకన్నా ఎక్కువ నీళ్లు తాగిందని తేలింది. మిగతాది ఎక్కడిదంటే, భూమి లోపల ఎన్నేళ్లుగానో దాచుకున్న తడి. అది ఉన్నన్నాళ్లు తోపు కళకళలాడుతుంది, తమరి ముందు నిలబడి ఫోటోలూ దిగుతారు. అయిపోయాక అన్నీ ఒకేసారి నోరు తెరుస్తాయి. ఆ రాష్ట్రం 2017లో ఇక కొత్తగా నీలగిరి నాటొద్దంది. కోలారు మనకెంత దూరమని! కబురు మాత్రం ఇంకా తమ చెవిన పడినట్టు లేదు.

ఒకసారి తల తిప్పి శేషాచలం వైపు చూడండి. అక్కడ తమబోటి బోర్డు పెట్టాలంటే జాతి గడి కొండంత కావాలి. ఎర్రచందనం ఎండలు ముదరకముందే ఆకు రాల్చేసి ఖర్చు తగ్గించుకుంటుంది. ఏపి చెట్టు వేరు బండ సందుల్లోకి దూరిపోతుంది. ఒకటి మట్టిలో తడి తగ్గగానే ఆకుల మీది సన్న రంధ్రాలు మూసుకుని పస్తుంటే, ఇంకొకటి తెగించి ఇంకొన్నాళ్లు తెరిచే ఉంచుతుంది.

చైనాలో జియాంగ్‌షీ అనే చోట 2009 నుంచి ఇదే పని మీద ఉన్నారు. ఒక్క జాతి మడి మొదలుకొని 24 జాతుల మడి దాకా నాటి చూస్తున్నారు. జాతులు ఎక్కువున్న మడుల్లో మొత్తం పెరుగుదల ఏడాదికేడాది అంతగా ఊగిసలాడలేదు. ఒకటి ఆగిన ఏడు ఇంకొకటి పెరిగింది, అంతే.

అలాగని తమరు రేపే పెయింటరును పిలిపించి గడిలో నాలుగు పేర్లు రాయించుకునేరు! యూరప్ అడవుల్లో జరిగిన పరిశీలన ఫలితం 2014లో వచ్చింది. రకరకాల చెట్లుంటే కరువులో కొన్నిచోట్ల మేలు జరిగింది, కొన్నిచోట్ల ఏ తేడా లేదు. నాలుగు పేర్లూ ఒకే తీరున తాగేవైతే ఒరిగేదేముంది? గడిలో నాలుగు రాయించి, చేలో మూడొంతులు నీలగిరే పెట్టే విద్య మనవాళ్లకు ఒకరు నేర్పక్కర్లేదనుకోండి. (తోతాపురి తోటల వాళ్లు నవ్వకండి. మన గడిలోనూ ఒక్కటే పేరు.)

ఐప్పసి నెల (అక్టోబరు, నవంబరు) వానలకు మళ్లీ నాటుతారట. ఏమేం నాటుతారని తోపు వాళ్లను అడిగితే, “అబ్బా, నీకెందుకు? మొక్కలన్నీ ఒకే ఎత్తున, ముచ్చటగా ఉండాయి” అన్నారు.

ఇట్లు,
కిటికీ పక్క సీటు