కోడలి పాఠాంతరం

మాది కడప. అమ్మ కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. నెల రోజులు పుస్తకం ముట్టొద్దన్నాడు డాక్టరు. అన్నం మానమన్నా అంత గొడవ చేసేది కాదు. అందుకని మా ఆవిడ లైబ్రరీకి పోయి, ఇంట్లో ఉన్న రెండు కార్డుల మీద నాలుగు నవలలు తెచ్చి, రోజూ సాయంత్రం దీపం పెట్టాక గట్టిగా చదివి వినిపించింది. మధ్యలో ఒకసారి గడువు కూడా పెంచుకొచ్చింది.

నిన్న అమ్మకు కొత్త అద్దాలు వచ్చాయి. ఈరోజు పుస్తకాలకు ఆఖరు రోజు. మధ్యలో ఒక రాత్రి ఉండటమే కొంప ముంచింది. నేను ఉగ్గాని తింటూ అక్కడే ఉన్నాను కానీ, ఈ సంభాషణలో నాకు మాటలు లేవు. ఆ ఇంట్లో ఎప్పుడూ లేవు.

కోడలు: అత్తా, పుస్తకాలు ఇయ్యి, ఇచ్చేసొస్తా. ఇదేంది, మూడే ఉన్నాయి? నాలుగోది యాడ?

అత్త: ఉంటుందిలే. ముందు ఇట్లా కూర్చో. ఈ వేయిపడగలు నాకు చదివినావా, బరువు చూసి పక్కన పెట్టినావా?

కోడలు: పన్నెండు దినాలు చదివినా. గొంతు పోయి మిరియాల కషాయం తాగలేదా?

అత్త: రాత్రి అద్దాలు పెట్టుకొని తిరగేసినా. ఎక్కడ తెరిచినా కొత్త మనుషులే. ఈ పసిరిక ఎవరు? ఆ పేరే నా చెవిన పడలేదు.

కోడలు: వాడు పొలాల్లో తిరుగుతుంటాడత్తా. కథలోకి ఎక్కువ రాడు.

అత్త: నీ కథలోకి రాలేదు. విశ్వనాథ వారి కథలో ఉన్నాడు.

కోడలు: 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లు పోటీ పెడితే, ఈ పుస్తకానికీ అడివి బాపిరాజు నారాయణరావుకూ కలిపి బహుమతి పంచినారు. చదవటమే పనిగా కూర్చున్న జడ్జీలే తేల్చుకోలేకపోయినారు. పొయ్యి మీద పప్పు పెట్టి చదివేదాన్ని, నేనేం చేసేది? వర్ణనలు మాత్రమే వదిలేసినా.

అత్త: వెయ్యి పడగల పాముకు రెండు పడగలే మిగిలేది పుస్తకం ఆఖర్లో. నువ్వు మొదటి దినమే రెండు చేసిపెట్టినావు.

(ఇంతవరకు చిన్న కేసే. అమ్మ రెండో పుస్తకం అందుకుంది. చాలా సన్నటిది. మా ఆవిడ లేచి, ఆరిన బట్టలు తెస్తానంది. బట్టలు ఇంకా ఉతకనే లేదు.)

అత్త: కూర్చోమంటినే! ఇది కేశవరెడ్డిది. అతడు అడవిని జయించాడు. ఒక ముసలాయన, అడవిలో తప్పిపోయిన ఒక సూడిపంది, ఒకే ఒక రాత్రి. కడాకు ఏమైందని చదివితివి?

కోడలు: పందీ, పిల్లలూ ఇల్లు చేరినాయని.

అత్త: చేరినాయా?

కోడలు: ...లేదు.

అత్త: ఒక్కటన్నా?

కోడలు: ఆ దినం నీ బీపీ ఎంతో గుర్తుందా? కంట్లో నీళ్లు రానీయొద్దు, ఏడవనీయొద్దు అని డాక్టరు నాకు చెప్పి పంపినాడు. ఈ పుస్తకం రాసినాయన కూడా డాక్టరే, ఆయనకన్నా తెలియొద్దా? అందుకే ఆ నాలుగు పేజీలు ఎగరగొట్టి, పందిని నేనే తోలుకొచ్చి దొడ్లో కట్టేసినా.

అత్త: నీ మాట నమ్మి మా తమ్మునికి ఫోన్ చేసినా. ‘మన చిత్తూరు జిల్లా ఆయన రాసింది, చదువురా, కడాకు అంతా సుఖమే’ అని చెప్పినా. వాడు రాత్రికి రాత్రి చదివి, ‘అక్కా, నీకు ఇది సుఖమా?’ అని ఏడ్చినాడు. ఇంక ఈ జన్మలో నేను మంచి పుస్తకమంటే వాడు నమ్ముతాడా?

కోడలు: పుస్తకం మంచిదే కదా! నేను చెప్పిన ముగింపు లేదు, అంతే.

అత్త: రా.రా., అదే ఆ విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి, బతికిన జిల్లాలో కాపురం చేస్తూ ఇట్లా మాట్లాడతావా? మొహమాటానికి పుస్తకాన్ని మెచ్చుకునే రకమా ఆయన! ఆయన సారస్వత వివేచన తెచ్చుకొని చదువు. పుస్తకం గురించి ఒకరికి చెప్పేటప్పుడు భయం ఉండాల.

కోడలు: మీ కడపోళ్లు తప్పులు వెతుకుతూ కూర్చోండి. మా అనంతపురం వాళ్లు నవలలు రాసుకుంటారు. బండి నారాయణస్వామి శప్తభూమికి 2019లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, తెలుసా?

అత్త: మా రా.రా.కు 1988లోనే వచ్చింది.

కోడలు: అది ‘అనువాద సమస్యలు’ అనే విమర్శ పుస్తకానికి. నవలకు కాదు.

అత్త: అవార్డు అవార్డే. ఇంతకూ బాగుంటుందా ఆ శప్తభూమి?

కోడలు: హండే రాజుల కాలం నాటి సీమ అంతా ఉంది అందులో. కరువు, పాలెగాళ్లు, కత్తులు. రేపు తెస్తా.

అత్త: తే. కానీ నేనే చదువుకుంటా. నీ చేతికిస్తే పాలెగాళ్లందరూ రాజీ పడిపోయి సంక్రాంతికి ఓళిగలు పంచుకుంటారు.

(ఇక్కడ నేను నవ్వాను. రెండు వైపుల నుంచీ చూపు పడింది. మళ్లీ ఉగ్గానిలోకి దిగాను.)

అత్త: ఈ కాలాతీత వ్యక్తుల్లోనన్నా చెయ్యి పెట్టకుండా ఉన్నావా?

కోడలు: ఒక్క అక్షరం మార్చలేదు, ఒట్టు. ప్రకాశాన్ని తిట్టే చోట మాత్రం రెండు మాటలు నావి కలిపినా.

అత్త: అవి నీవా? బాగుండెనే! నేను శ్రీదేవి రాసిందనుకొని మెచ్చుకుంటి. ఇంకా గట్టివి లేకపోయినాయా?

కోడలు: పిల్లలున్న ఇల్లు కదా అని ఆగినా.

(ప్రకాశం పిరికితనం మీద మాత్రం మా ఇంట్లో ఏకాభిప్రాయం. ఈ కాపురం పన్నెండేళ్ల చరిత్రలో ఇద్దరూ ఒకే మాట మీద నిలబడటం నేను చూసింది అప్పుడే. అరనిమిషం నిలబడ్డారు.)

కోడలు: కల్యాణి బంగారం. ఎవరికైనా చదవమని ఇస్తే ఆ పిల్ల కోసమే ఇవ్వాల.

అత్త: కల్యాణి లాంటివాళ్లు ప్రతి నవల్లోనూ దొరుకుతారు. ఇందిర యాడ దొరుకుతుంది? తాగుబోతు నాయనను మోసుకుంటూ, ఉద్యోగం చేసుకుంటూ, నాకు ఇది కావాలని నోరు తెరిచి అడిగింది. 1957 ప్రాంతంలో ఆడపిల్ల చేత ఆ మాట అనిపించినారంటే ఎంత గుండె ఉండాల! రాసిన డాక్టరమ్మ ముప్పై ఏళ్లు దాటంగానే పోయింది, ఈ ఒక్క నవలే ఇచ్చి. బతికుంటే ఇంకో నాలుగు ఇందిరలు వచ్చేవాళ్లు.

కోడలు: అంత నచ్చిందా? ఇందిర ఈ ఇంటికి కోడలుగా వచ్చి ఉంటే?

అత్త: (తడుముకోకుండా) నవల్లోనే బాగుంటుంది.

కోడలు: మరి నీ కొడుకు ప్రకాశం లాంటివాడైతే?

(నేను ప్లేట్లో బొరుగులు లెక్కపెట్టుకుంటున్నాను. ముప్పై నాలుగు.)

అత్త: వాని సంగతి ఎందుకులే ఇప్పుడు.

కోడలు: సరే, టైమవుతుంది. నాలుగోది యాడ పెట్టినావు?

అత్త: ఏది, ఆ తీర్థయాత్ర పుస్తకమా?

(మా ఆవిడ ముఖం పాలిపోయింది. నాకు అర్థం కాలేదు. నాలుగోది చలం నవల. చలం తీర్థయాత్రల మీద రాసినట్టు నేనెప్పుడూ వినలేదు.)

కోడలు: అత్తా, అది... లైబ్రరీలో పేరు చూసి తెచ్చినా. మైదానం అంటే పల్లెటూరి కథేమో అనుకుంటి. నాలుగు పేజీలు చదవంగానే, ప్లీడరు పెండ్లాము రాజేశ్వరి మొగుడిని వదిలేసి అమీర్‌తో లేచిపోతుంది. అదీ తన నోటితోనే చెప్పుకుంటుంది. దీపం ముందర, నీ పక్కన కూర్చొని ‘నేను’ ‘నేను’ అని నేనెట్లా చదివేది?

అత్త: అందుకని?

కోడలు: మొగుని మీద అలిగి తీర్థయాత్రకు పోయిందన్నా.

అత్త: అమీర్?

కోడలు: జట్కా తోలేవాడన్నా. ఉగాది నాడు మన దేవుని కడపకు ముస్లింలు వచ్చి మొక్కుకోరా? అట్లా ఆయన కూడా భక్తుడే అనుకుంటావని...

అత్త: మైదానంలో గుడిసె వేసుకొని ఇద్దరూ ఏం చేసినారంటివి?

కోడలు: (వినీ వినపడనట్టు) జపం.

అత్త: బ్రౌన్ దొర ఇదే కడపలో బంగళా కొని, పండితులను జీతమిచ్చి పెట్టుకొని, తాళపత్రాలన్నీ ముందేసుకొని పాఠాంతరాలు, అంటే ఒక్కో ప్రతిలో ఒక్కో తీరుగా ఉన్న మాటలు, సరిచూయించినాడంట. నీ మైదానం వినింటే బంగళా అమ్ముకొని ఓడెక్కేవాడు.

కోడలు: నీకు ఎట్లా తెలిసింది? రాత్రి చదివినావా?

అత్త: రాత్రేంది! నా పెండ్లికి ముందే చదివినా. మా అన్న పుస్తకాల్లోంచి తీసి చింతపండు కుండలో దాచుకొని చదివినా. ఇప్పటికీ చలం అనంగానే నా నోరు పుల్లగా అవుతుంది.

కోడలు: మరి నేను ఆరు దినాలు గింజుకొని అల్లుతుంటే ఊరికే ఎందుకు వింటివి?

అత్త: ఎట్లా కుట్టుకొస్తావో చూద్దామని. జట్కా గుర్రానికి జ్వరం వచ్చిన చోట చానా బాగా చెప్పినావు.

కోడలు: అయితే పుస్తకం నీ దగ్గరే ఉంది. ఇచ్చేయి.

అత్త: ఎదురింటి పెద్దమ్మకు ఇచ్చినా.

కోడలు: ఎవరికి? శనివారం శనివారం ఇంట్లో భజన పెట్టే పెద్దమ్మకా? ఏం చెప్పి ఇచ్చినావు?

అత్త: నువ్వు నాకు చెప్పిందే చెప్పినా. భక్తి పుస్తకం, మా కోడలు చదివి వినిపించింది, కండ్లకద్దుకునేట్టు ఉంది అంటి.

కోడలు: నా పేరు చెప్పినావా! ఇంక నేను ఆ వీధిలో తలెత్తుకొని తిరగాలా? ఎన్ని దినాలైంది ఇచ్చి?

అత్త: నాలుగు. ఒక్క మాటా లేదు, తలుపు కూడా సరిగ్గా తీయటంలేదు.

కోడలు: కోపం వచ్చింటుంది. పోయి కాళ్లు పట్టుకొని పుస్తకం తెచ్చుకుంటా.

(చెప్పులు వేసుకుంటుండగానే గేటు చప్పుడైంది. ఎదురింటి మనవడు. చేతిలో పుస్తకం లేదు. మా ఆవిడ గోడ పట్టుకుంది.)

పిల్లోడు: ఆంటీ, అవ్వ చెప్పమనింది. ఆ పుస్తకానికి లైబ్రరీలో ఇంకో పదిహేను దినాలు గడువు రాయించాలంట. రెండోసారి చదువుతోందంట. ఇంకోటి కూడా చెప్పమనింది... ఆఁ, ఈ శనివారం భజన లేదంట.