అర్థమైందా? అర్థమైంది సార్!

తరగతి గదిలో మూల్యాంకనం ఎన్ని రకాలు అని అడిగితే ఉపాధ్యాయ శిక్షణ పుస్తకాలు పేజీలకు పేజీలు నింపుతాయి. నా అనుభవంలో ఒక్క రకం చాలు. పాఠం అయ్యాక సుద్దముక్క బల్లమీద పెట్టి, చేతులు దులుపుకుంటూ "అర్థమైందా?" అనాలి. క్లాసు క్లాసంతా ఒకే గొంతుతో "అర్థమైంది సార్" అంటుంది. ప్రశ్నపత్రం అక్కర్లేదు, దిద్దే పని లేదు, ఫలితాలు అక్కడికక్కడే, ఉత్తీర్ణత నూటికి నూరు. ఇంతకంటే చవకైన పరీక్ష ఉంటే చూపించండి.

అయితే ఇందులో ఒక మెళకువ ఉంది. జవాబు కోసం ఎక్కువసేపు ఆగకూడదు. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో తరగతుల్లో మాటలు రికార్డు చేసి మరీ లెక్కగట్టారు. ప్రశ్న వేశాక టీచర్లు ఆగేది మహా అయితే ఒక సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లలు పొడుగు జవాబులు చెప్పారట. ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడారట. పైగా తిరిగి ప్రశ్నలు వేశారట. ప్రమాదం ఎక్కడ పొంచి ఉందో చూశారా? రెండు సెకన్లు ఊరుకున్న పాపానికి సిలబస్ మొత్తం ఆగిపోతుంది.

ఇక పెద్ద మాటల సంగతి. మూల్యాంకనంలో నిర్మాణాత్మకం, సంగ్రహణాత్మకం అనే విభజన 1967లో మైకేల్ స్క్రివెన్ అనే పండితుడు చేశాడు. ఆయన అన్నది పాఠ్యప్రణాళికల గురించి. తర్వాత బెంజమిన్ బ్లూమ్ అనే విద్యావేత్త దాన్ని పిల్లల చదువు మీదికి తెచ్చాడు. పాఠం నడుస్తుండగానే ఎవరు ఎక్కడ తడబడ్డారో చూసి రేపటి బోధన మార్చుకోవడం మొదటిది, అంతా అయ్యాక లెక్క తేల్చడం రెండోది. ఈ తేడాను మేము ఎంతో గౌరవంగా అమలు చేస్తున్నాం. మొదటిదానికి చిన్న మార్కులు, రెండోదానికి పెద్ద మార్కులు. రెండూ కలిపి, రిజిస్టరులో ఎక్కించి, సంతకం పెడతాం. రేపటి పాఠం మార్చడమా? ఏడాది మొదట్లోనే ప్లాన్ రాసి ఆమోదం తీసుకున్నాం కదండీ. పిల్లలకు అర్థం కానంత మాత్రాన దాన్ని మారుస్తారా ఎవరైనా!

లోప నిర్ధారణ పరీక్ష కూడా పెడతాం. లోపాలు నిర్ధారణ అవుతాయి. అక్కడితో దాని పని అయిపోయింది.

ఆబ్జెక్టివ్ ప్రశ్నలను చాలామంది చిన్నచూపు చూస్తారు. నాలుగేసి జవాబులు ఇస్తే, కళ్లు మూసుకుని టిక్కులు పెట్టినవాడికి కూడా సగటున నూటికి పాతిక వస్తాయి. ఏమీ చదవనివాడికి కూడా ఇంత ఆదరణ చూపే పరీక్ష ఇంకేముంది? వ్యాసరూప ప్రశ్నలకు ఆ దయ లేదు గానీ వాటి అందం వాటిది. 1912లో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు ఒకే ఇంగ్లిష్ జవాబుపత్రాన్ని 142 మంది టీచర్లతో దిద్దించారు. ఒకరు 64 వేస్తే ఇంకొకరు 98 వేశారు. పిల్లాడు ఒకడే, రాసిందీ ఒకటే. దిద్దేవాళ్ల మనసు ఎంత విశాలమో చెప్పడానికి ఇంతకన్నా రుజువు కావాలా? తర్వాత ఎవరో రూబ్రిక్ అని ఒకటి తెచ్చి, దేనికి ఎన్ని మార్కులో ముందే గీతలు గీసిపెట్టారు. నేనూ వాడతాను. ముందు మార్కు వేసేసి, ఆ తర్వాత దానికి సరిపోయేలా గళ్లు నింపుతాను.

వ్యాఖ్యల విషయంలో మాత్రం నేను పూర్తిగా సైన్సు పక్షం. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు కొందరు పిల్లలకు మార్కులు మాత్రమే ఇచ్చింది, కొందరికి వ్యాఖ్యలు మాత్రమే, ఇంకొందరికి రెండూ. మెరుగుపడింది వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్లు. రెండూ అందుకున్నవాళ్లు మార్కులవాళ్ల దగ్గరే ఆగిపోయారు. అంటే మార్కు పక్కన వ్యాఖ్య రాయడం శుద్ధ దండగ అని తేలింది కదా? ఆ రోజే వ్యాఖ్యలు మానేశాను. "అయితే మార్కులు మానేయవచ్చు కదా సార్?" అంది మా స్టాఫ్‌రూమ్‌లో ఒక జూనియర్ టీచర్. పాపం, ఉద్యోగానికి కొత్త.

సహపాఠి మూల్యాంకనం గురించి ఎక్కువ చెప్పను. నువ్వు నాకు పది వేస్తే నేను నీకు పది వేస్తా అనే ఒప్పందం కుదరడానికి మా పిల్లలకు అర నిమిషం చాలు. స్వీయ మూల్యాంకనంలో ఆ అర నిమిషం కూడా మిగులుతుంది.

ఈమధ్య ఆ జూనియర్ టీచర్ పోరు పడలేక ఎగ్జిట్ స్లిప్ కూడా పెట్టాను. గంట కొట్టే ముందు పిల్లలు చిన్న చీటీ మీద ఈ రోజు ఏం నేర్చుకున్నారో, ఏం అర్థం కాలేదో రాసి ఇవ్వాలి. చాలామంది "అంతా అర్థమైంది" అని రాశారు. చివరి బెంచీ కుర్రాడు ఒకడు మాత్రం, "భాగహారం ఎప్పుడు చెయ్యాలో, గుణకారం ఎప్పుడు చెయ్యాలో మూడేళ్ల నుంచీ నాకు తెలియట్లేదు సార్. మీరు అర్థమైందా అంటే అందరితో పాటు అంటున్నాను" అని రాశాడు.

రెండుసార్లు చదివాను. దస్తూరి బాగుంది, అక్షరదోషాలు లేవు. అయిదుకి మూడున్నర వేశాను.