తోడు పోతోందట

మైలాపూర్‌లో మా బాబాయి వాళ్ళింట్లో బాల్కనీకీ వంటింటికీ మధ్య ఆరడుగుల దూరం. ఆ ఆరడుగులు దాటేసరికి ఏ మాటైనా వేషం మార్చుకుంటుంది. మొన్న ఆదివారం బాబాయి ఫోన్లో ఎవరికో చెబుతున్నాడు: "తోడ ఇంక ఎన్నాళ్ళో ఉండదురా. ఉన్నప్పుడే గొంతు రికార్డు చేసి పెట్టుకోవాలి."

వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది.

పిన్ని: ఏమండీ! నా రిపోర్టులో ఏం రాశాడా డాక్టరు?

బాబాయి: షుగరు కాస్త ఎక్కువన్నాడు. అంతేగా?

పిన్ని: మరి తోడు ఎన్నాళ్ళో ఉండదని ఊరంతా చెబుతున్నారే! మీ తోడు నేను కాక ఇంకెవరు?

బాబాయి: తోడు కాదే, తోడ! ఊటీ కొండల మీద గేదెల్ని కాసుకునే తోడవాళ్ళు లేరూ? వాళ్ళ భాష. 2011 లెక్కల్లో ఆ మనుషులే రెండు వేల మంది.

పిన్ని: రెండు వేల మందా! ఈ ఇంట్లో నాతో మాట్లాడేది ఒక్కరు. అదీ ఉప్పు తక్కువైనప్పుడు. ప్రమాదం ఎవరికండీ?

బాబాయి: మన తెలుగుకి చుట్టమే అది. మన భాషాశాస్త్రవేత్త పేరి భాస్కరరావు గారు కూడా దాని మీద పనిచేశారు. అందులో 'ర'లే ఆరు, తెలుసా? ర్ర్ర్... ఱ్ఱ్ఱ్...

పిన్ని: ఆపండి, పళ్ళసెట్టు సాంబార్లో పడుతుంది.

బాబాయి: ఒక్కో గేదెకీ ఒక్కో పేరు పెట్టుకుంటారే వాళ్ళు!

పిన్ని: పెట్టి పుట్టాయి ఆ గేదెలు. నలభై రెండేళ్ళుగా నా పేరు 'ఏమే'.

(నా ఓటు పిన్నికే. వడల పళ్ళెం ఆవిడ దగ్గరుందని కాదు. అది కూడా ఒక కారణం.)

బాబాయి: అసలు విషయం విను. వాళ్ళకి పాడి ఇల్లే గుడి. 1901 ప్రాంతంలో రివర్స్ అని ఒక దొర వచ్చి చూస్తే, పాలల్లో తోడు వేసే మజ్జిగని కూడా ఎంతో పవిత్రంగా...

పిన్ని: చూశారా! తిరిగి తిరిగి తోడుకే వచ్చారు. నేను మొదట విన్నదే కరెక్టు.

బాబాయి: అది తోడ!

పిన్ని: తోడే!

ఇలా పావుగంట. నా కాఫీ చల్లారిపోయింది. చివరికి బాబాయి గొంతు తగ్గించాడు.

బాబాయి: నిన్న డాక్టరు ఆ కాగితం చూస్తుంటే నా కాళ్ళు వణికాయి. ఇప్పుడు నువ్వూ అదే మాటంటే ఎలాగే?

పిన్ని: ...అందుకా ఫైలు తలకిందులుగా పట్టుకున్నారు? సర్లెండి, పాలు గోరువెచ్చబడ్డాయి. తోడు వేసి రండి.

బాబాయి: (వంటింట్లోంచి) గిన్నె ఖాళీగా ఉందే! తోడు లేదు!

పిన్ని: పోయిందా? పొద్దున ఆఖరి చెంచా కూడా కలుపుకుని తిన్నదెవరు? కింది ఇంటి మామిని అడిగి తెండి. తమిళంలో 'ఉఱై మోర్' అనండి. తోడ అన్నారంటే గేదెని పట్టుకొస్తుంది.

బాబాయి చిన్న గిన్నె పట్టుకుని బయల్దేరాడు. మెట్ల మీంచి వినబడుతూనే ఉంది, ఆ 'ఱై'ని ఆరు రకాలుగా పలికి చూసుకుంటున్నాడు.